శుక్రవారం పునఃప్రసారం

“కళ్ళు మూసుకుందాం” అన్నారు రేడియోలో పాస్టరుగారు.

అలవాటు ఎంత పని చేస్తుందో! హాల్లో ఇరవై మంది దాకా ఉన్నారు. అందరి చేతుల్లోనూ భోజనం పళ్ళేలే. అప్పటిదాకా కబుర్ల హోరులో రేడియో సంగతి ఎవరికీ పట్టలేదు. ఆ ఒక్క మాట వినబడగానే సగం మంది, నోటిదాకా వచ్చిన పలావు ముద్దని అక్కడే ఆపి, బుద్ధిగా కళ్ళు మూసుకున్నారు. పెరుగుపచ్చడి గిన్నె పట్టుకుని వరసల మధ్య వడ్డిస్తున్న జయకర్ కూడా తల దించి కళ్ళు మూసుకున్నాడు.

“ప్రభువా, బహ్రెయిన్ దేశం నుండి విన్నపం పంపిన సహోదరి బ్లెస్సీని జ్ఞాపకం చేసుకో. ఆమె భర్త జయకర్‌ని జ్ఞాపకం చేసుకో. ఆయన మంచివాడని ఈ బిడ్డ రాసింది. కానీ ఆ ఇంట్లో మాట లేదని రాసింది. రోజంతటిలో తాను వినే మనిషి గొంతు ఈ రేడియో ఒక్కటేనని రాసింది. తండ్రీ, ఆ భర్తకు భార్యతో నాలుగు మాటలు మాట్లాడే మనసు...”

మెర్సీ ప్లగ్గు పీకేసింది.

జయకర్ అక్క మెర్సీ. రిఫాలో ఉంటుంది, ఆసుపత్రిలో నర్సు. పది నిమిషాల క్రితం “ఆ కొత్త రేడియో ఏదో పెట్టు, అందరూ చూస్తారు” అని సరదాపడి పెట్టించింది కూడా ఆవిడే.

కళ్ళు మూసుకున్నవాళ్ళకి తెరవాలో వద్దో తెలియలేదు. కిటికీ పక్కన కూర్చున్న కృపమ్మ ఆంటీ మాత్రం, ప్రార్థన మధ్యలో ఆగిపోతే బాగుండదని కాబోలు, “ఆమెన్” అంది.

బ్లెస్సీ వంటింటి గుమ్మంలో నీళ్ళ జగ్గుతో నిలబడి ఉంది. జయకర్ కళ్ళు తెరిచాడు. ఆమె వైపు చూడలేదు. తర్వాతి పళ్ళెం దగ్గరికి జరిగి, “పచ్చడి వేయనా బ్రదర్?” అని అడిగాడు.



బహ్రెయిన్‌లో తెలుగు క్రైస్తవులకి ఆదివారం శుక్రవారం నాడే వస్తుంది. సెలవు ఆనాడు కాబట్టి ఆరాధనా ఆనాడే. వారం వారం ఒకరింట్లో కూడిక, ఆ పైన భోజనాలు. బ్లెస్సీ పెళ్ళయి ఇక్కడికి వచ్చిన నాలుగు నెలల తర్వాత, ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని ఈ చిన్న ఫ్లాటుకి వంతు రావడం ఇదే మొదటిసారి. బ్లెస్సీ మూడు రోజుల నుంచి ఈ పూట కోసమే బతికింది. ఇరవై మంది మనుషులు! ఇరవై గొంతులు! చెప్పులు పట్టక గుమ్మం బయట మెట్ల దాకా వరసగా పేరుకుపోతే, తలుపు తీసి ఆ చెప్పుల్నే రెండుసార్లు చూసి మురిసిపోయింది.

ఇప్పుడు ఆ చెప్పులన్నీ ఒకేసారి వెళ్ళిపోతున్నాయి.

“రోజూ మధ్యాహ్నం మా ఇంటికి వచ్చెయ్ తల్లీ” అంది కృపమ్మ ఆంటీ, బ్లెస్సీ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, చెవిటివాళ్ళకి చెప్పినట్టు గట్టిగా. “బోలెడు మాట్లాడుకుందాం.”

“వస్తానాంటీ.”

“పాపం” అంది ఎవరో వెనకనుంచి. ఎవరి గురించో తెలియలేదు.

కూడికకి వచ్చిన జాన్ పాల్, జయకర్ భుజం తట్టి, “ఏం బ్రదర్, దేశాలు దాటి వెళ్ళింది మీ పేరు” అని నవ్వబోయి, భార్య మోచెయ్యి తగిలి మానుకున్నాడు. కూడిక భోజనాల తర్వాత డబ్బాల్లో కూరలు సర్దుకుని వెళ్ళడం ఆనవాయితీ. ఆ రోజు ఒక్కరూ డబ్బా తెరవలేదు. కోడికూర గిన్నె సగానికి సగం అలాగే ఉండిపోయింది.

తలుపు మూసుకోగానే మెర్సీ వంటింట్లోకి వచ్చింది.

“చెప్పుకోడానికి మనుషులే దొరకలేదా అమ్మాయ్ నీకు? నేను రిఫాలో లేనా? ఫోన్ లేదా?”

“మీరు డ్యూటీలో ఉంటారు వదినా.”

“డ్యూటీ అయ్యాక ఉండనా?”

“మీకు చెప్తే ఆయనకి చెప్తారు.”

“చెప్పనూ మరి? వాడు నా తమ్ముడు!”

“రేడియో చెప్పదనుకున్నాను” అంది బ్లెస్సీ.

ఎగతాళి కాదది. నిజంగా అలాగే అనుకుంది. ఆ రేడియోలో ప్రార్థన గంట ఆదివారం. ఇండియాలో పది కొట్టేటప్పటికి ఇక్కడ ఉదయం ఏడున్నర. ఆదివారం ఏడున్నరకి బహ్రెయిన్‌లో తెలిసినవాడెవడు ఇంట్లో ఉంటాడు? వదిన వార్డులో, జాన్ పాల్ సైటు మీద, జయకర్ జుఫైర్‌లో హోటలు లాండ్రీలో దుప్పట్ల మధ్య. వినేది తనొక్కతే. ఆ లెక్క వేసుకునే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కూర్చి మూడు ఎస్సెమ్మెస్‌లు పంపింది. పేరు రాయకుండా ఉండొచ్చు. కానీ పేరు లేని విన్నపం చిరునామా లేని ఉత్తరమని వాళ్ళ నాన్న అనేవాడు. అందుకని రెండు పేర్లూ రాసింది.

మొన్న ఆదివారం చదివారు. అంత దూరం నుంచి ఎవరో ఒక పెద్దాయన తన పేరుని అంత నెమ్మదిగా, అంత జాగ్రత్తగా పలికితే బ్లెస్సీ పొయ్యి ముందు నిలబడి ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని, తనొక్కదాని కోసమే ఉప్మాలో జీడిపప్పు వేసుకుంది.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళ సెలవు చూసి, ఆ గంటని ఈ వారం నుంచే శుక్రవారం మళ్ళీ వినిపించడం మొదలుపెడతారని ఆమెకెలా తెలుస్తుంది?

“కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు” అంది మెర్సీ. “నువ్వు చించింది మా కడుపు. వాడేం తక్కువ చేశాడు నీకు? తాగాడా? చెయ్యెత్తాడా?”

“మంచివారని రాశాను కదా వదినా. అది కూడా చదివారు.”

“ఆఁ, చదివారు. మంచివాడు, మూగవాడు అని.”

“ఉదయం ఆరింటికి వెళ్ళి పదకొండింటికి డ్యూటీ దిగుతారు. మళ్ళీ నాలుగింటికి ఎక్కాలి. మధ్యలో ఇంటికి రారు. లారీ సామాను దింపించాలంటారు. రాత్రి వచ్చి అన్నం తిని పడుకుంటారు. నేను ‘ఎలా జరిగింది’ అంటే ‘ఊఁ’ అంటారు. అన్ని ఊఁలూ ఒకేలా ఉంటాయి. ఆయన నన్ను ఏదీ అడగరు వదినా. కూరలో ఉప్పు చాలలేదని కూడా అనరు. కావాలని ఒకరోజు ఉప్పు వేయకుండా వండాను. తినేశారు.”

మెర్సీ పెదవులు ఒక్క క్షణం వణికాయి. నవ్వొచ్చిందేమో. వెంటనే బిగించుకుంది.

“ఆ రెండు పూటల డ్యూటీ హోటలు వాళ్ళు వేసిందనుకుంటున్నావా నువ్వు?”

జయకర్ ఎంగిలి పళ్ళేలు తీసుకుని అప్పుడే లోపలికి వచ్చాడు.

“అక్కా” అన్నాడు.

“ఏం, అబద్ధమా? కొత్తగా పెళ్ళయినవాడని మూడింటికల్లా ఇంటికి పొమ్మని ఒంటిపూట డ్యూటీ ఇచ్చారమ్మాయ్. వీడే వెళ్ళి అడిగి మార్పించుకున్నాడు. మధ్యాహ్నాలు లారీలూ లేవు, సామానూ లేదు. స్టాఫ్ రూములో పడుకుంటాడు.”

కుళాయి కారుతోంది. ఎవరూ కట్టలేదు.

“ఎందుకు?” అంది బ్లెస్సీ. అడిగింది వదినని. చూసింది జయకర్ వైపు.

జయకర్ పళ్ళేల్ని ఒక్కొక్కటే సింకులో పెట్టాడు. ఒకదానికొకటి తగలకుండా, చప్పుడు రాకుండా పెట్టాడు.

“ఎందుకేమిటి! నీ నస పడలేక” అంది మెర్సీ. అన్నాక తనకే ఎక్కువనిపించిందో ఏమో, గొంతు తగ్గించింది. “చూడు, జాన్ పాల్ వాళ్ళు మంగళవారం ఊరెళ్తున్నారు. మంచి తోడు. కొన్నాళ్ళు మీ అమ్మ దగ్గర ఉండి రా. ఈ మాటలన్నీ చల్లారతాయి. సాయంత్రం ఏజెంటు దగ్గరికి వెళ్తున్నాడట. ఇంకో టికెట్టు తీయమని చెప్పేశాను.”

అమ్మ అనగానే బ్లెస్సీ గుండె ఒక్క గంతు వేసింది. ఆ సంగతి తనకే సిగ్గనిపించింది. నరసాపురంలో మధ్యాహ్నాలంటే అరుగు మీద లేసు అల్లే ఆడవాళ్ళు. చేతులు సూది మీద, నోళ్ళు ఊరి మీద. ఒక పువ్వు అల్లడం పూర్తయ్యేలోపు నాలుగు వీధుల సంగతులు పూర్తయ్యేవి. బీకాం పరీక్షలకి కూడా ఆ మాటల మధ్యే కూర్చుని చదువుకుంది తను. నిశ్శబ్దంగా ఉంటే చదువెక్కేది కాదు.

అయినా ఆమె జయకర్ కోసమే ఎదురుచూసింది. ‘వద్దక్కా, ఉంటుందిలే’ అంటాడని.

జయకర్ చేతులు తుడుచుకున్నాడు. హాల్లోకి వెళ్ళి రేడియో వైరు మెలికల్లేకుండా చుట్టాడు. అట్టపెట్టెలో పెట్టాడు.

“ఇది వాపసు ఇచ్చేసి వస్తాను” అన్నాడు.

“నేనూ వస్తాను” అంది బ్లెస్సీ.

కారులో పెట్టె ఆమె ఒళ్ళో ఉంది. మూడు వారాల క్రితం ఇదే దారిన ఇంటికి తెచ్చిన రోజు గుర్తొచ్చింది. ఆ షాపులో నల్లటి గుండ్రటి మర ఒకటి తిప్పితే చిన్న నీలం అద్దంలో దేశాల పేర్లు వరసగా కదిలాయి. కంప్యూటరు అక్కర్లేదు, ఏరియల్ అక్కర్లేదు, ఇంట్లో ఇంటర్నెట్టు గాలిలో ఉంటే చాలన్నాడు షాపతను. ఎక్కడెక్కడి ఊళ్ళో! ఒక దేశంలో ఎవరో అకార్డియన్ వాయిస్తున్నారు. ఇంకో దేశంలో వర్షం గురించి చెప్తున్నారు, భాష తెలియకపోయినా వర్షమని తెలిసింది. ఇండియా దగ్గర ఆగి, తెలుగు మాట వినబడగానే బ్లెస్సీ కౌంటరు మీద చేత్తో కొట్టి నవ్వింది. జయకర్ అప్పుడూ ఏమీ అనలేదు. డబ్బు కట్టాడు. కారులో పెట్టెని వెనక సీట్లో పెట్టి, పసిపిల్లకి పెట్టినట్టు సీటు బెల్టు పెట్టాడు. ఆ బెల్టు తలుచుకుని ఆమె వారం రోజులు సంతోషంగా ఉంది. మాటలు తర్వాత అవే వస్తాయిలే అనుకుంది.

మాటలు వచ్చాయి, రేడియోలోంచి.

మనామా బజారులో శుక్రవారం సాయంత్రపు రద్దీ అప్పుడే మొదలవుతోంది. షాపతను మలయాళీ. మొహం గుర్తుపట్టి హిందీలో పలకరించాడు.

“క్యా కంప్లెయింట్ హై భాయ్?”

“కంప్లెయింట్ నహీ” అన్నాడు జయకర్.

“స్టేషన్ నహీ ఆతా?”

“ఆతా హై.”

షాపతను నమ్మలేదు. పెట్టె విప్పి, ప్లగ్గు పెట్టి, మర తిప్పాడు. ఏదో అరబ్బీ పాట షాపంతా నిండింది. ఇంకొంచెం తిప్పాడు. వార్తలు వచ్చాయి. అంతా గాజులా స్పష్టంగా ఉంది. మంచి సరుకుని అనుమానించినందుకు అతనికి కొంచెం కోపం కూడా వచ్చినట్టుంది.

“అచ్ఛా చల్తా హై! ఫిర్ వాపస్ క్యోఁ?”

జయకర్ కౌంటరు అద్దం వైపు చూస్తున్నాడు.

“బహుత్ అచ్ఛా చల్తా హై” అంది బ్లెస్సీ. “ఇసీలియే.” అందుకేనట వాపసు.

షాపతను ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. భార్యాభర్తల గొడవల్లో తలదూర్చని జ్ఞానం అతనికి ఉంది. సొరుగులోంచి ఒక కాగితం తీసి ముందు పెట్టాడు. పేరు, ఫోను నంబరు, కొన్న తేదీ, కింద వాపసుకి కారణం. కారణం రాయకపోతే ముదీర్ ఒప్పుకోడని, ముదీర్ అంటే తన పై అధికారి అని, తనదేమీ లేదని చెప్పాడు.

జయకర్ పేరు రాశాడు. నంబరు రాశాడు. తేదీ రాశాడు. అది కూడా రసీదు చూడకుండా, గుర్తుంచుకున్నవాడిలా రాశాడు. కారణం దగ్గర కలం ఆగింది.

వెనక ఎవరో ఇస్త్రీపెట్టె బేరమాడుతున్నారు. ఇంకెవరో బ్యాటరీలు అడిగారు. షాపతను వాళ్ళకి ఇచ్చి వచ్చాడు. కలం అక్కడే ఉంది.

బ్లెస్సీ ఆ ఖాళీ గీత వైపు చూస్తూ నిలబడింది. నాలుగు నెలల్లో అతను ఒక విషయం గురించి ఇంతసేపు ఆలోచించడం ఆమె చూడలేదు. అతను ఏం రాస్తాడోనని భయమేసింది. ఏమీ రాయడేమోనని ఇంకా భయమేసింది.

జయకర్ కలం మూత పెట్టాడు. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఖలాస్ భాయ్. నహీ దేనా” అని, వాపసు మానుకుని రేడియో మళ్ళీ పెట్టెలో సర్దాడు.

కారులో కూర్చున్నాక వెంటనే స్టార్టు చెయ్యలేదు. ఎండ ఇంకా తగ్గలేదు. స్టీరింగు ముట్టుకుంటే కాలుతోంది. అయినా చేతులు దాని మీదే ఉంచాడు.

“నస కాదు” అన్నాడు.



“అక్కకి అలా చెప్పలేదు నేను. డ్యూటీ మార్పించుకున్నానని చెప్పానంతే. మిగతాది తనే అనుకుంది.” ఆగాడు. “పెళ్ళికి ముందు పదకొండేళ్ళు ఉన్నాను ఇక్కడి రూముల్లో. ఒక్కో రూముకి ఆరుగురు, ఎనిమిదిమంది. ఎవడి మంచం వాడిది. మాట్లాడితే పక్కవాడి నిద్ర చెడుతుంది. మాట్లాడనివాడే మంచివాడక్కడ. నేను చాలా మంచివాణ్ణని పేరు.”

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రెండూ బయటికి రానివ్వలేదు.

“నువ్వు తలుపు తీస్తావు. తీయగానే నా మొహంలోకి చూస్తావు, నేనేదో తెచ్చానన్నట్టు. నా దగ్గరేమీ ఉండదు బ్లెస్సీ. దుప్పట్లు ఉతికించాను, లెక్క పెట్టించాను, పైకి పంపించాను. అదేం చెప్పను? రాత్రయితే అలిసిపోయాడులే అనుకుంటావు. మధ్యాహ్నమైతే అలా అనుకోవు. అందుకని రాలేదు.”

“దుప్పట్ల గురించి చెప్పొచ్చుగా” అంది బ్లెస్సీ. “నేను వదినకి ఉప్పు సంగతి చెప్పానుగా, వినే ఉంటారు.”

“ఆ కూరలో ఉప్పు లేదని తెలుసు నాకు.”

“మరి అడగలేదేం?”

“అడిగితే బాధపడతావని.”

“మీరు అడగాలనేనండీ వేయలేదు!”

అతను ఆమె వైపు తిరిగాడు. ఈ మాట అతను ఏ రూములోనూ, ఎవరి దగ్గరా విని ఉండడు. అది పూర్తిగా అర్థమయ్యేలోపే డాష్‌బోర్డు మీద ఫోను మోగింది. జాన్ పాల్.

జయకర్ స్పీకరు నొక్కాడు.

“బ్రదర్, వందనాలు. ఏజెంటు దగ్గరే ఉన్నాను. మంగళవారానికి ఇంకొక్క సీటే ఉందట, ఆ తర్వాత నెలాఖరు దాకా లేదట. మెర్సీ సిస్టర్ చెప్పారు. చెల్లెమ్మ పాస్‌పోర్టు నంబరు చెప్పండి, రాయించేస్తాను. ఇతను కొట్టు కట్టేస్తానంటున్నాడు.”

జయకర్ ఫోను వైపు చూశాడు. తర్వాత బ్లెస్సీ వైపు చూశాడు. ‘వద్దు’ అంటాడేమోనని ఆమె మళ్ళీ ఎదురుచూసింది. అతను అనలేదు. ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“నీ ఇష్టం” అన్నాడు. “మా అక్క ఇష్టం కాదు. నాదీ కాదు.”

పాస్‌పోర్టు నంబరు ఆమెకి నోటికి వచ్చు. వీసా కాగితాలు నింపినప్పుడు, కొత్త పెళ్ళికూతురి మురిపెంతో పద్యంలా బట్టీ పట్టింది. అది ఇప్పుడు నాలుక చివర తయారుగా నిలబడింది. అరుగు, సూదులు, ఒకరి మాట మీద ఒకరు పడే ఆడవాళ్ళు. ఇక్కడ ఈ మనిషి.

ఆమె ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టింది.

“నేను ఉంటే మీరు మధ్యాహ్నం ఇంటికొస్తారా?”

జయకర్ మెడ మీంచి ఒక చెమట చుక్క కాలరులోకి జారింది.

“వచ్చి ఏం మాట్లాడను?” అన్నాడు.

నాలుగు నెలల్లో అతను ఆమెని అడిగిన మొదటి ప్రశ్న అది. అడిగిన తీరులో తప్పించుకోవడం లేదు. దారి తెలియనివాడు ఎదురైనవాళ్ళని అడిగినట్టు, జవాబు కోసం ఆగి, నిజంగా అడిగాడు.

బ్లెస్సీ నోరు తెరిచింది. గోడలతో, గిన్నెలతో, రేడియోతో అన్ని మాటలు చెప్పుకున్న మనిషికి ఇప్పుడు ఒక్క మాట దొరకలేదు. ఏం మాట్లాడతారు ఇంట్లో? అతను దుప్పట్ల సంగతి చెప్పాడనుకో, విన్నాక తనేమంటుంది? రేపు చెప్తాడు, ఎల్లుండి చెప్తాడు. ఆ తర్వాతి మధ్యాహ్నం?

“హలో” అంటున్నాడు అరచేతి కింద జాన్ పాల్. “చెల్లెమ్మా, వినబడుతోందా? ఆ సీటు ఇంకెవరో అడుగుతున్నారు. రాయించనా, వద్దా?”

జయకర్ ఆమె మొహంలోకే చూస్తున్నాడు, ఆమె ఏదో చెబుతుందని.

ఆమె దగ్గర ఏమీ లేదు.